నడుమా, బరువా, మెడా? గుండె ముప్పు తెలుసుకోవడానికి ఏ కొలత ఎంచుకోవాలి

సంక్రాంతికి ఊరొచ్చిన మనిషిని కోనసీమలో ముందుగా పలకరించేది ఒంటి గురించే. చిక్కిపోయాడంటే జాలి, ఒళ్ళు చేశాడంటే మెచ్చుకోలు. ఆ తర్వాత ఎవరో ఒకరు బరువెంత అని అడుగుతారు. నడుమెంత అని అడిగేవాడు మాత్రం ఊళ్ళో దర్జీ ఒక్కడే. గుండె సంగతి, షుగరు సంగతి తెలుసుకోవాలంటే అసలు అడగవలసినది ఆ ప్రశ్నే.

ఇది పట్నాల గొడవ అనుకునే కాలం పోయింది. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాది పాటు సంభవించిన మరణాలను నమోదు చేసి, ఇంటింటికీ వెళ్ళి చనిపోయినవారి లక్షణాలు అడిగి కారణాలు రాబట్టారు. 1,354 మరణాల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. పొలం, చెరువు, కొబ్బరి తోట మధ్య బతికే పల్లెల లెక్క ఇది.

ఈ ముప్పును ముందుగా పసిగట్టడానికి ఒంటి కొలతలు అరడజను దాకా వాడుకలో ఉన్నాయి. అన్నీ తీసుకోనక్కర లేదు. నా ఎంపిక ముందే చెప్పేస్తాను. ఒక్కటే కొలత అయితే నడుము చుట్టుకొలతను ఎత్తుతో పోల్చి చూడండి. రెండోది కావాలంటే బరువు తూచే మామూలు యంత్రం చాలు. కొవ్వు శాతం చూపిస్తామనే ఖరీదైన యంత్రాల జోలికి పోవద్దు. ఈ వరుస వర్తించనివారు కూడా ఉన్నారు, వాళ్ళ గురించి విడిగా చెబుతాను.

బీఎంఐ ఎక్కడ తప్పుతుంది

కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ, అంటే బాడీ మాస్ ఇండెక్స్. ఈ సూత్రం పందొమ్మిదో శతాబ్దపు బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లెట్‌ది. ఆయన వైద్యుడు కాడు, ఆయన వెతికింది జబ్బుల కోసమూ కాదు. జనంలో సగటు మనిషి ఎలా ఉంటాడన్నదే ఆయన ఆసక్తి. 1972లో అమెరికా పరిశోధకుడు ఆన్సెల్ కీస్ దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. ప్రపంచమంతటా 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అన్నారు. మన ఒళ్ళు ఆ హద్దుల కన్నా ముందే చెడుతుందని గమనించిన భారతీయ నిపుణులు 2009లో వాటిని 23కు, 25కు దించారు.

దించినా బీఎంఐకి ఉన్న అసలు లోపం పోలేదు. తక్కెడకు కండ, కొవ్వు ఒకటే. ఉదాహరణకు రైసు మిల్లులో బస్తాలు మోసే ముఠా కూలీ ఒకరు, అదే వీధిలో ఎరువుల దుకాణం నడిపే వ్యాపారి ఒకరు ఉన్నారనుకుందాం. ఇద్దరి ఎత్తూ అయిదడుగుల ఆరంగుళాలే. కూలీ బరువు 73 కిలోలు, బీఎంఐ 26. కాగితం మీద ఆయన ఊబకాయుడు. వ్యాపారి బరువు 64 కిలోలు, బీఎంఐ 22.8. కాగితం మీద ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. టేపు తీయండి. కూలీ నడుము 32 అంగుళాలు, వ్యాపారిది 36. రక్తపరీక్షకు ముందుగా ఎవరు వెళ్ళాలో చెప్పడానికి డాక్టరు అక్కరలేదు.

ఇది ఊహించి చెప్పిన జంట. నిజంగా కొలిచిన జంట ఒకటి వైద్య పత్రికల్లో పేరుపొందింది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ యడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆంగ్లేయుడికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. సన్నటి కాళ్ళు చేతులు, మధ్యలో మెత్తటి పొట్ట అన్నది మన దేశపు ఒంటి తీరు. పొట్ట చేతపట్టుకుని గల్ఫ్ వెళ్ళి, పదేళ్ళకు నిజంగానే పొట్టతో తిరిగొచ్చిన వాళ్ళు రాజోలు, అమలాపురం వైపు ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది బరువు వాళ్ళనేమీ భయపెట్టదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్తంగా చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్నవారు 28.6 శాతం, నడుము ప్రకారం లెక్కిస్తే 39.5 శాతం. తక్కెడను మాత్రమే నమ్మితే ఎంతమంది తప్పించుకుపోతారో ఆ రెండు అంకెల మధ్య తేడాయే చెబుతుంది. 2025 జనవరిలో లాన్సెట్ నియమించిన అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా బీఎంఐ ఒక్కదానితో ఊబకాయాన్ని తేల్చవద్దని, నడుము కొలత వంటిది తోడుగా ఉండాలని చెప్పింది.

పొట్టలోని కొవ్వుకే ఎందుకింత పేరు

తొడల మీద, పిరుదుల మీద చర్మం కింద చేరే కొవ్వు చాలావరకు నిల్వ సరుకు. ఒంటికి అవసరమైనప్పుడు నెమ్మదిగా కరుగుతుంది. చర్మం కింద దాచుకునే చోటు నిండిపోయాక మిగిలింది పేగుల చుట్టూ, కాలేయంలోనూ చేరుతుంది. పేగుల చుట్టూ ఉన్న ఈ కొవ్వు నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి వెళ్ళే రక్తనాళంలో కలుస్తాయి. కాలేయం వాటితో ట్రైగ్లిజరైడ్లు అనే ఒక రకం కొవ్వును తయారు చేసి రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. భీమవరంలోనో కాకినాడలోనో వేరే పని మీద స్కానింగ్ తీయించుకుంటే రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1’ అని వచ్చి చాలామంది దాన్ని మడిచి పక్కన పెట్టేస్తారు. ఈ కథ మొదలైందని చెప్పే మొదటి చీటీ అదే.

కొవ్వు ఎంత ఉందన్న దానికన్నా ఎక్కడ ఉందన్నది ముఖ్యమని ఫ్రాన్స్‌లోని మార్సెయి నగరపు వైద్యుడు జాన్ వాగ్ 1947లోనే చెప్పాడు. వైద్యలోకం ఆ మాటను పట్టించుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నడుము ఒక్కటే చాలా, ఎత్తుతో పోల్చాలా?

ఎంపిక నిజంగా కష్టమయ్యేది ఇక్కడే. నడుముకు రెండు రకాల హద్దులు ఉన్నాయి.

మొదటిది అందరికీ ఒకే అంకె. దక్షిణాసియా మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. మన టేపు లెక్కలో మగవారికి ముప్పై అయిదున్నర అంగుళాలకు కాస్త తక్కువ, ఆడవారికి ముప్పై ఒకటిన్నర. ఆసుపత్రిలో డాక్టరు చూసేదీ, ఆశా కార్యకర్త ఫారంలో ఉండేదీ ఇవే. గుర్తు పెట్టుకోవడం తేలిక.

రెండోది ఎత్తులో సగం సూత్రం. నడుము చుట్టుకొలత మీ ఎత్తులో సగం దాటకూడదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో ఇదే సలహా ఇచ్చింది. సగం నుంచి పదింట ఆరు వంతుల లోపు ఉంటే ముప్పు పెరిగినట్టు, అదీ దాటితే బాగా పెరిగినట్టు.

ఈ రెండు హద్దులూ కలిసేది మగవారిలో 180 సెంటీమీటర్ల ఎత్తు దగ్గర, ఆడవారిలో 160 దగ్గర. మన ఇళ్ళలో ఎంతమంది మగవాళ్ళు అయిదడుగుల పదకొండు అంగుళాలు ఉంటారు? కాబట్టి ఎక్కువమందికి సగం సూత్రమే కఠినం. నాలుగడుగుల పదకొండు అంగుళాల ఎత్తున్న గృహిణి నడుము 31 అంగుళాలు అనుకోండి. అందరి హద్దు ప్రకారం ఆమె లోపలే ఉంది. ఆమె ఎత్తులో సగం ఇరవై తొమ్మిదిన్నర, ఆ లెక్కన అంగుళంన్నర దాటింది. అదే ఆరడుగుల మనిషి 36 అంగుళాల నడుముతో 90 సెంటీమీటర్లు దాటేస్తాడు, కానీ తన సగం దగ్గర సరిగ్గా ఆగుతాడు.

పొట్టివాళ్ళను ఈ సూత్రం అనవసరంగా భయపెడుతుందని అనేవారున్నారు. కొంత నిజమే. అయినా నేను దాని పక్షమే. అనవసరంగా భయపడితే పోయేది ఒక పూట ఉపవాసం, ఒక రక్తపరీక్ష. అనవసరంగా ధైర్యంగా ఉంటే పోయేది అంతకంటే చాలా ఎక్కువ. పైగా మన నిపుణులు 2009లోనే మగవారు 78 సెంటీమీటర్లు, ఆడవారు 72 దాటినప్పటి నుంచే జాగ్రత్తపడాలని, 90, 80 దాటితే చికిత్స దాకా ఆలోచించాలని రెండు మెట్లు పెట్టారు. సగం సూత్రం ఆ రెండు మెట్ల నడుమ ఎక్కడో పడుతుంది.

ఇంకో సుగుణం, దీనికి అంకెలు రాకపోయినా ఫరవాలేదు. ఒక నూలు దారం తీసుకుని తల నుంచి మడమ దాకా ఎత్తుకు సరిగా తెంపండి. దాన్ని సగానికి మడవండి. మడిచిన దారం నడుము చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే సరి, కలవకపోతే పరీక్షకు వెళ్ళాలి. సాగని దారం కావాలి. పీచుతాడుకు మనకు కొదవ లేదు గాని, ఈ పనికి అది పనికిరాదు. లావుగా ఉండి లెక్క తప్పిస్తుంది.

టేపు ఎక్కడ పెట్టాలి

నూటికి తొంభైమంది తప్పు చేసేది ఇక్కడే అంటే అతిశయోక్తి కావచ్చు, కానీ పెద్ద అతిశయోక్తి కాదు. ప్యాంటు సైజు నడుము కొలత కాదు. పొట్ట పెరిగిన మగవాడి ప్యాంటు పొట్ట కిందికి జారుతుంది తప్ప సైజు మారదు. ఇరవై ఏళ్ళుగా 34 అంగుళాల ప్యాంటే వేసుకుంటున్నానని గర్వపడే వాళ్ళ పొట్ట దగ్గర టేపు పెడితే 39 చూపిస్తుంది. మొలతాడు కూడా అంతే, పెరిగే పొట్టకు దారి ఇచ్చి కిందికి దిగిపోతుంది. బొడ్డు గుర్తుగా పెట్టుకుందామంటే, జారిన పొట్టలో బొడ్డూ జారుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన చోటు ఇది: పక్కటెముకల్లో చివరిదాని అడుగు అంచును చేత్తో తడిమి పట్టుకోండి, తుంటి ఎముక పై అంచును పట్టుకోండి, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టండి. పరగడుపున, బట్ట అడ్డం లేకుండా, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో చూడాలి. పొట్ట లోపలికి లాగితే మోసపోయేది మీరే. టేపు నేలకు సమాంతరంగా చర్మాన్ని తాకుతూ ఉండాలి, నొక్కకూడదు. వెనక వైపు టేపు జారిందో లేదో ఇంట్లో ఇంకొకరు చూడాలి. రెండుసార్లు కొలిచి సగటు తీసుకోండి. దర్జీల గుడ్డ టేపు పాతబడితే సాగుతుంది, ఇనుప స్కేలు పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోండి.

పండగ భోజనం చేసి ఆత్రేయపురం పూతరేకులు రెండు లాగించాక కొలవవద్దని వేరే చెప్పాలా?

మిగిలిన మూడు

నడుముకు, తుంటికి మధ్య నిష్పత్తి: తుంటిని, అంటే దర్జీలు సీటు అనే చోట, అత్యంత వెడల్పున కొలిచి నడుమును దానితో భాగించాలి. మగవారికి 0.90, ఆడవారికి 0.85 హద్దు. శాస్త్రంలో దీని స్థానం చాలా గట్టిది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం గుండెపోటును బీఎంఐ కన్నా ఈ నిష్పత్తే బాగా పట్టిస్తుందని 2005లో తేల్చింది. అయినా ఇంటికి సిఫార్సు చేయను. చీర కుచ్చిళ్ళ మీద తుంటి కొలత సరిగా రాదు, ఎవరూ చీర విప్పి కొలిపించుకోరు. రెండు కొలతల్లో తప్పులు కలిస్తే లెక్క ఎటైనా పోతుంది. ఇంకా చిక్కేమిటంటే, మనిషి సన్నబడితే నడుము, తుంటి రెండూ తగ్గుతాయి, నిష్పత్తి పెద్దగా కదలదు. కష్టపడి తగ్గినవారికి తగ్గినట్టు కనిపించని కొలత ఎందుకు?

మెడ: గొంతు ముడికి కిందుగా టేపు చుట్టడమే, బట్టల గొడవ లేదు, తిన్నా తినకున్నా మారదు. కానీ గుండె ముప్పుకు అందరూ ఒప్పుకున్న హద్దు దీనికి ఇంకా కుదరలేదు. థైరాయిడ్ గడ్డ ఉంటే అసలే చెల్లదు. ఒక్క పనికి మాత్రం బాగా పనికొస్తుంది. గట్టిగా గురక పెట్టే మనిషి మెడ 40 సెంటీమీటర్లు దాటి, పగలంతా కునుకుపాట్లు పడుతుంటే, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూపించుకోవాలి. అది బీపీకి, గుండెకు తోడబుట్టిన చేటు.

కొవ్వు శాతం చూపే యంత్రం: అరికాళ్ళ గుండా చిన్న కరెంటు పంపి, ఒంట్లో నీటిని బట్టి కొవ్వును ఊహిస్తుంది. ఆ ఊహ నీటితో పాటే మారుతుంది. గోదావరి పక్కన మే నెల ఉక్కపోతలో చెమటతో తడిసి ఎక్కినప్పుడు ఒక అంకె, మజ్జిగ తాగి ఎక్కినప్పుడు ఇంకో అంకె. పొట్టలోని కొవ్వును సూటిగా కొలిచే శక్తి దానికి లేదు. గుండె కొట్టుకోవడాన్ని నడిపే పేస్‌మేకర్ ఉన్నవారు దాన్ని ఎక్కనే కూడదు.

ఎవరికి వరుస మారుతుంది

బోదకాలు ఉన్నవారు డెల్టాలో ఇప్పటికీ ఉన్నారు. వాపు కాలి బరువు తక్కెడలో కలుస్తుంది కాబట్టి వాళ్ళకు బీఎంఐ అర్థం లేనిది. నడుము ఒక్కటే చూడాలి. దీనికి సరిగ్గా వ్యతిరేకం, కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవారు. వాళ్ళ నడుము కొలత కొవ్వు గురించి ఏమీ చెప్పదు. గర్భిణులకు, కొత్త బాలింతలకు కూడా టేపు వర్తించదు. నడుం వంగిన పెద్దవారికి ఎత్తు తగ్గిపోయి సగం సూత్రం తప్పుతుంది, వాళ్ళకు 90, 80 హద్దులే మేలు.

గుండె బలహీనపడి మందులు వాడుతున్నవారికి తక్కెడ రాజు. రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు చేరడం. ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. అలాగే తినే తిండి తగ్గకుండానే బరువు దిగిపోతూ, దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే షుగరు అదుపు తప్పిందేమో చూడాలి. ఈ రెండు చోట్లా టేపుకు పని లేదు. బీఎంఐ 18.5 కన్నా తక్కువ ఉన్న బలహీనమైన ఆడపిల్లలను గుర్తించడానికీ బరువే కావాలి.

చుట్ట, బీడీ తాగే సన్నటి మనిషి సంగతి వేరు. దారం ఆయన నడుము చుట్టూ తిరిగి ఇంకా మిగులుతుంది. అంతమాత్రాన గుండెకు హామీ లేదు. పొగ చేసే చేటును ఏ టేపూ కొలవలేదు.

హద్దు దాటితే

దాటినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, చూపించుకోవలసిన వేళ వచ్చినట్టు. అయిదింటిని సరిచూడాలి: నడుము 90 లేదా 80, బీపీ 130/85, పరగడుపు షుగరు 100, ట్రైగ్లిజరైడ్లు 150 దాటాయా, మంచి కొలెస్ట్రాల్ మగవారికి 40, ఆడవారికి 50 కన్నా తగ్గిందా. వీటిలో మూడు ఉంటే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ముప్పై ఏళ్ళు దాటినవారికి ఆశా కార్యకర్త నింపే ఫారంలో వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం, ఇంట్లో బీపీ, షుగరు చరిత్రతో పాటు నడుముకు కూడా మార్కులు ఉంటాయి. మొత్తం నాలుగు దాటితే ముందుగా పరీక్షలకు పంపాలి. ఆమె టేపు తీసినప్పుడు సిగ్గుపడి ‘పోయినసారిదే రాసుకోమ్మా’ అనకండి.

తగ్గించుకునే పనిలో ఉన్నవారికి కూడా టేపే తోడు. కాలువ గట్టు మీద రోజూ వడిగా నడిచేవారికి నెలల తరబడి కిలో కూడా తగ్గకపోవచ్చు, లోపలి కొవ్వు మాత్రం తగ్గుతుంది. తక్కెడ చూసి విసుగెత్తి మానేసేవాళ్ళలో కొందరైనా టేపు చూసి ఉంటే కొనసాగించేవారు. నెలకొకసారి కొలిచి తేదీతో రాసుకుంటే చాలు. వారానికి రెండుసార్లు కొలిస్తే కనిపించే సెంటీమీటరు తేడా ఒంటిది కాదు, చేతిది.